ఓడ టికెట్టును దేనితో భాగించాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో సాంస్కృతిక నౌకాయాత్రల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఓడ మీద పోతూ నానా దేశాల మనుషులతో కలిసి తిని, వాళ్ళ పాటా ఆటా నేర్చుకుని రావడం గురించి వ్యాసకర్త ఊరించేలా రాశారు. దాని మీద నాకు పేచీ లేదు. పేచీ అంతా చివరి పేరాతో. అక్కడ టికెట్టు ధరను రోజులతో భాగించి, రోజుకింతే పడుతుంది, మంచి హోటల్లో దిగినా అంతే అవుతుంది, పైగా మూడు పూటలా తిండి అందులోనే అని తేల్చేశారు. నేను దక్షిణ రైల్వే అకౌంట్స్‌లో ఊళ్ళోవాళ్ళ బిల్లులు తనిఖీ చేసి చేసి రిటైరైనదాన్ని. ఇలాంటి లెక్క కంటబడితే పెన్సిల్ తీయకుండా ఉండలేను.

హోటల్ గది కోసం డబ్బు పెట్టేవాళ్ళకు రోజుల లెక్క సరిపోతుంది. సాంస్కృతిక వినిమయం అనే పేరు మీద డబ్బు అడిగినప్పుడు వేరే అంకె కావాలి. పరాయి దేశం మనిషితో తీరుబడిగా కూర్చునే గంటలెన్ని? ఆ గంటల్లో ఇద్దరం ఏ భాషలో మాట్లాడుకుంటాం? ధరను ఆ గంటలతో భాగిస్తే ఎంతొస్తుంది? ఈ లెక్క వేయాల్సిన అవసరం ఈ ఏడాది మా ఇంటికే రెండు వైపుల నుంచి వచ్చింది. అందుకే ఉత్తరం కాస్త పొడుగైంది, మన్నించాలి.

పెరంబూరు, అయనావరం, విల్లివాక్కం వైపు రైల్వే ఉద్యోగాలకనీ, కోచ్ ఫ్యాక్టరీ కోసమనీ వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉగాదికీ కార్తీక వనభోజనాలకీ కలుసుకునే చిన్న బృందం మాది. అందరం పెన్షనర్లమే. పోయిన వనభోజనాలకు ఒక టూర్ ఏజెంటు వచ్చి, మాతో పాటు పులిహోర తిని, రంగురంగుల కరపత్రాలు పంచి వెళ్ళాడు. 'శ్రీలంక సాంస్కృతిక వినిమయ నౌకాయాత్ర, అయిదు రాత్రులు.' చెన్నై రేవు నుంచి శ్రీలంకకు విహార నౌక 2023 జూన్‌లో మొదలైనప్పటి నుంచీ ఇలాంటి బేరాలు మా చుట్టూ ఎక్కువయ్యాయి. డెక్కు మీద మన ఆడవాళ్ళు కోలాటం వేస్తారట, వాళ్ళు క్యాండీ డోలు నృత్యం చూపిస్తారట. మావారికి ఓడ అనగానే హుషారు. బృందంలో సగం మంది అప్పటికే కోలాటానికి ఒకే రంగు చీరల గురించి మాట్లాడుకుంటున్నారు.

ఆ రాత్రి కరపత్రం వెనక పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్న కార్యక్రమం పట్టిక ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి రోజు సాయంత్రం చెన్నై వదలడం. రెండో రోజంతా సముద్రం. మూడో రోజు హంబన్‌టోట, పొద్దున 8 నుంచి సాయంత్రం 5. నాలుగో రోజు ట్రింకోమలీ, అవే వేళలు. అయిదో రోజు మళ్ళీ సముద్రం. ఆరో రోజు పొద్దున ఇంటికి. అంటే నేల మీద కాగితం ప్రకారం పద్దెనిమిది గంటలు. కానీ ఓడ రేవులో ఆగగానే బస్సులోంచి దిగినట్టు దిగిపోలేం. ముందు ఇమిగ్రేషన్ వాళ్ళు రావాలి, డెక్కుల వారీగా పిలవాలి, ఓడవాళ్ళ దగ్గర టూరు కొనుక్కున్నవాళ్ళు ముందు దిగాలి. తిరిగి ఎక్కడానికి ఓడ కదలడానికి గంట ముందే గేటు దగ్గర ఉండాలి. లేటైతే ఓడ ఆగదు. ఒక్కో రేవులో అలా రెండున్నర గంటలు తీసేశాను. మిగిలిన పదమూడు గంటల్లో బస్సు ప్రయాణం నాలుగు గంటలు, భోజనాలు రెండు గంటలు.

ఇంకో ఏడు గంటలున్నాయి కదా అనుకుంటారు. హంబన్‌టోటలో రిదియగమ సఫారీ పార్కు పెట్టారు. ఏనుగులతో ఏ సంస్కృతిని ఇచ్చిపుచ్చుకోవాలో ఏజెంటు చెప్పలేదు. ట్రింకోమలీలో కోణేశ్వరం గుడి. తేవారం అనే పాత తమిళ శివభక్తి పాటల్లో ఉన్న క్షేత్రం, పదిహేడో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు పడగొట్టాక మళ్ళీ ఎంతో కాలానికి కొండ అంచున లేచిన గుడి. అది తప్పక చూడాల్సిందే. అయితే గుడిలో మనం దేవుడితో మాట్లాడతాం. లంక మనుషులకు మిగిలింది 'స్థానిక కళాకారుల ప్రదర్శన, 45 నిమిషాలు'. అది కూడా వాళ్ళు ఆడుతుంటే మనం కుర్చీల్లో కూర్చుని ఫోన్లు పైకెత్తి చూడటం. ఇక మాట్లాడగలిగేది బస్సు గైడుతో, తంబిలి కొబ్బరిబోండాలమ్మే అతనితో. ధరను ఆ ముప్పావు గంటతో భాగించి మావారికి చూపించాను. కళ్ళజోడు సవరించుకుని రెండోసారి చూశారు.

ధర కూడా పైన పెద్ద అక్షరాల్లో ఉన్నంత కాదు. అది కిటికీ లేని లోపలి గదికి, ఇద్దరు కలిసి ఉంటే తలకు. రేవు రుసుము, జీఎస్టీ, రోజువారీ సర్వీస్ చార్జీ, వైఫై, ఒడ్డున తిప్పే బస్సు, ఇన్సూరెన్సు అన్నీ విడివిడిగా. కలిపితే తడిసి మోపెడు. మా బృందంలో ఒంటరిగా ఉండే పెద్దావిడ ఒకరున్నారు. ఆవిడ ఒక్కరే గది తీసుకోవాలంటే దాదాపు ఇద్దరి డబ్బూ కట్టాలి. ఇది ఓడల వ్యాపారంలో ఎక్కడైనా ఉన్న పద్ధతే కానీ, కరపత్రంలో ఆ ముక్క లేదు. పట్టుబట్టి అడిగితే 'ఇంకెవరినైనా కలుపుతాంలెండి అమ్మా' అన్నాడు ఏజెంటు. డెబ్బయ్యేళ్ళ మనిషిని ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఒకే గదిలో ఎలా కలుపుతాడో ఆయనకే తెలియాలి. ఇదే ఏజెంటుకు వేరే యాత్ర కోసం అడ్వాన్సు కట్టిన మా పక్కవీధి దంపతులు, తేదీ మారాక డబ్బు వెనక్కి అడిగితే ఫోను ఎత్తడం లేదని వాపోయారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నది మనకు నప్పే సామెత. ఇక్కడ మాత్రం మనమే మల్లయ్యలం, ఏరు ఇంకా దాటనే లేదు.

విదేశీ టూరు ప్యాకేజీ మీద టీసీఎస్ కూడా వసూలు చేస్తారు, అంటే అమ్మేవాళ్ళే మన దగ్గర ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను. దాని శాతాలు బడ్జెట్లలో మారుతూ వస్తున్నాయి, కట్టే రోజున ఎంతో అడిగి తెలుసుకోవాలి. అది పోయే డబ్బు కాదు. మన పాన్ మీద జమ కనబడుతుంది, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది, పన్నే లేనివాళ్ళకు వాపసొస్తుంది. అయితే ఆదాయం తక్కువని రిటర్నే వేయని పెన్షనర్లు మాలో చాలామంది. వాళ్ళకు అది గంగలో కలిసినట్టే. ఏజెంటు ఇది చెప్పడు, అది ఆయన పని కూడా కాదు. కానీ పత్రికలో యాత్రల వ్యాసం రాసేవాళ్ళు ఒక్క వాక్యం రాయొచ్చు.

ఇలా అన్నానని ఓడ షికారు మీద నాకేదో పగ ఉందనుకోకండి. మనవలను తీసుకుని, వంట గోల లేకుండా, సముద్రం చూస్తూ నాలుగు రోజులు కాళ్ళు చాపుకుని కూర్చోవడానికి డబ్బుంటే హాయిగా వెళ్ళండి. మా పాత ఆఫీసు స్నేహితురాలు కుటుంబంతో వెళ్ళొచ్చి చాలా సంతోషంగా చెప్పింది. ఆవిడ షికారుకు డబ్బిచ్చింది, షికారే వచ్చింది, లెక్క చెల్లు. ఆవిడ చెప్పిన వాటిలో నాకు బాగా నచ్చింది వేరే ఉంది. ఆ ఓడలో గది శుభ్రం చేసే కుర్రాడు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చాడట, వడ్డించే అమ్మాయి ఇండోనేషియా నుంచి. ఇలాంటి కొలువుల్లో కాంట్రాక్టు ఆరు నుంచి తొమ్మిది నెలలు, పిల్లల మొహాలు వీడియోకాల్లోనే. ఆ కుర్రాడితో ఈవిడ రోజూ పొద్దున పది నిమిషాలు మాట్లాడేదట. ఆ ఓడ మొత్తంలో జరిగిన సాంస్కృతిక వినిమయం అదేనని నా అభిప్రాయం, దానికి కరపత్రంలో ధర వేయలేదు.

రెండో వైపు సంగతి దీనికి పూర్తిగా వేరు. నా తమ్ముడి కూతురు ఇక్కడే ఓఎంఆర్ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తోంది, షోలింగనల్లూరులో పీజీలో ఉంటుంది. కంపెనీకి జపాన్ క్లయింట్లున్నారు కాబట్టి అమింజికరై వైపు ఏబీకే-ఏఓటీఎస్ దోసోకాయి బడిలో జపనీస్ నేర్చుకుంటోంది, ఎన్4 పరీక్ష పాసైంది (జపనీస్ పరీక్షల్లో అడుగున ఉండే ఎన్5కు పైమెట్టు అది, అంకె తగ్గేకొద్దీ మెట్టు పెరుగుతుంది). ఒక ఆదివారం భోజనానికి వచ్చి, మూడు నెలల పైన ప్రపంచం చుట్టి వచ్చే పీస్ బోట్ ఓడ ఎక్కుతానంది. నెల్లూరు నుంచి తమ్ముడు ఫోను. 'అక్కా, అది నా మాట వినదు, నీ మాట వింటుంది, లెక్కలు నువ్వే చెప్పు' అన్నాడు. లెక్కలు చెప్పమన్నాడు కానీ, వద్దని చెప్పమనలేదని నేను గట్టిగా గుర్తుపెట్టుకున్నాను.

పీస్ బోట్ గురించి మీ వ్యాసంలో రెండే వాక్యాలున్నాయి. ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు సిసలు వినిమయ నౌక అంటే అదీ. 1983లో, యుద్ధ చరిత్రను జపాన్ పాఠ్యపుస్తకాల్లో మెత్తబరుస్తున్నారని గొడవ రేగిన రోజుల్లో, కొందరు జపాన్ విద్యార్థులు పొరుగు దేశాలకు మనమే వెళ్ళి అక్కడివాళ్ళ నోటే విందామని మొదలుపెట్టిన సంస్థ అది. ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలిలో దానికి ప్రత్యేక సంప్రదింపుల హోదా ఉంది. అణ్వాయుధాల నిషేధం కోసం పనిచేసినందుకు 2017లో నోబెల్ శాంతి బహుమతి పొందిన ఐకాన్ కూటమి సారథ్య బృందంలో ఇదీ ఒకటి. హిరోషిమా, నాగసాకిల నుంచి బతికి బయటపడిన వృద్ధులు 2008 నుంచి ఈ ఓడల్లో ఎక్కి రేవు రేవునా తమ కథ చెబుతూ వచ్చారు. ఇప్పుడు నడిపే పసిఫిక్ వరల్డ్ అనే ఓడ కొత్తదేం కాదు, 1995లో సన్ ప్రిన్సెస్ పేరుతో నీళ్ళలోకి దిగినది. విలాసం కోసం ఎక్కేవాళ్ళు నిరాశపడతారు.

ఇక్కడ నా భాగహారం తిరగబడుతుంది. లంక ఓడలో సముద్రం మీద గడిచే రోజులు ఖర్చు కిందికి వస్తాయి. ఈ ఓడలో ఆ రోజులే సరుకు. రేవుల్లో ఉండేది తక్కువ, నీళ్ళ మీద ఉండేది ఎక్కువ. ఆ రోజుల్లో ఉపన్యాసాలు, భాషా తరగతులు ఉంటాయి, వాటితో పాటు ప్రయాణికులే సొంతంగా నడుపుకునే తరగతులుంటాయి. ఒకరు కాలిగ్రఫీ నేర్పుతారు, ఇంకొకరు పాత జపాన్ పాటలు. ఎక్కేవాళ్ళలో జపాన్ రిటైర్డ్ మనుషులు, చదువు ముగించిన కుర్రకారు ఎక్కువ. ఆ కుర్రాళ్ళలో చాలామంది ఊళ్ళో దుకాణం దుకాణానికీ తిరిగి ఓడ పోస్టర్లు అంటించి, ఆ పనికి బదులుగా టికెట్టులో రాయితీ సంపాదించుకుని ఎక్కినవాళ్ళు. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారని మనవాళ్ళన్నారు, ఇది ఆర్నెల్లలో సగం పైచిలుకు. ఒక డెబ్బయ్యేళ్ళ ఒసాకా ముసలమ్మ పక్కన రోజూ టిఫిను తింటే ఎవరైనా కొంచెం మారతారు.

కానీ ఆ టిఫిను బల్ల దగ్గర మాట్లాడేది జపనీస్. పెద్ద ఉపన్యాసాలకు ఇంగ్లీషు, చైనీస్, కొరియన్లలోకి వలంటీర్లు అనువాదం చెబుతారు. పక్కనున్న మనిషి జోకేసి నవ్వినప్పుడు చెవిలో అనువాదం చెప్పే దిక్కుండదు. అందుకే మా పిల్లను అడిగిన మొదటి ప్రశ్న డబ్బు గురించి కాదు. 'ఎన్4తో నువ్వు ఆవిడకు మీ నాన్నమ్మ గురించి చెప్పగలవా?' అన్నాను. కొంచెం ఆలోచించి, 'నాన్నమ్మకు మోకాళ్ళ నొప్పులని మాత్రం చెప్పగలను అత్తా' అంది. ఇద్దరం నవ్వుకున్నాం. రెండో ప్రశ్న: 'నువ్వేం నేర్పుతావు?' దీనికి తడుముకోలేదు. చుక్కల ముగ్గులు నేర్పుతానంది, మెలికల ముగ్గు ఒక్క గీతతో ఎలా మూసుకుంటుందో జపాన్‌వాళ్ళకు భలే నచ్చుతుందంది. ఇచ్చేందుకు చేతిలో ఏదో ఉన్నవాళ్ళకే ఆ ఓడ గిట్టుబాటవుతుంది. చూసి రావడానికే వెళ్ళేవాళ్ళకు అంత డబ్బు దండగ.

డబ్బు సంగతి. నలుగురు పంచుకునే చవక గదికే ఒక మంచి కారు కొనేంత అవుతుంది. పైన విమానం, వీసాలు. మన పాస్‌పోర్టుతో ప్రపంచం చుట్టాలంటే వీసాల ఫైలే ఒక పుస్తకమవుతుంది. తప్పనిసరైన వీసాల్లో ఒక్కటి రాకపోయినా, ఆ రేవులో దిగకుండా ఓడలోనే ఉంటానంటే కుదరకపోవచ్చు, అసలు ఎక్కనివ్వకపోవచ్చు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా దారుల్లో వెళ్ళేవాళ్ళకు ఎల్లో ఫీవర్ టీకా కావాలి. చెన్నైలో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ, రాజాజీ సాలై పోర్టు హెల్త్ ఆఫీసులోనూ వేస్తారు. సర్టిఫికెట్టు పది రోజుల తర్వాతే చెల్లుతుంది, ఆ పైన జీవితాంతం పనికొస్తుంది. అది లేకుండా ఆ దేశాల మీదుగా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. అరవై దాటినవాళ్ళకు ఈ టీకాతో ప్రమాదం కాస్త ఎక్కువ, డాక్టరుతో మాట్లాడకుండా వేయించుకోకూడదు. మా వయసువాళ్ళకు 'ప్రపంచ యాత్ర' అమ్మేవాళ్ళు ఈ మాట ఎత్తగా నేను వినలేదు.

దారి మారే సంగతి కూడా చూడాలి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా నౌకలు సూయజ్ కాలువ వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. ఈజిప్టు పిరమిడ్లు చూద్దామని డబ్బు కట్టినవాళ్ళు కేప్‌టౌన్ చూసి రావాల్సిన పరిస్థితి. ఒప్పందం కాగితంలో దారి మార్చే హక్కు ఓడవాళ్ళకే ఉంటుంది. ఫలానా రేవు కోసమే వెళ్ళేవాళ్ళు అది చదివి సంతకం పెట్టాలి.

మా పిల్ల లెక్కలో ఇవేవీ పెద్ద అంకెలు కావు. పెద్ద అంకె జీతం. మూడు నెలల పైచిలుకు జీతం లేని సెలవు కంపెనీ ఇవ్వనంది, రాజీనామా చేయాలి. ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయింది. గ్రాట్యుటీకి అయిదేళ్ళు నిండాలి. ఒక్క ఏడాది తొందరకు ఆ డబ్బు వదులుకోవడం రైల్వే అకౌంట్స్ మనిషిగా నేను చూస్తూ ఊరుకోలేను. అందుకని మేమిద్దరం ఒక కాగితం మీద రాసుకున్నాం. అయిదేళ్ళు నిండనివ్వాలి, ఈలోపు ఎన్3 పాసవ్వాలి, అప్పుడు వెళ్ళాలి. భాష ఇంకా బాగా వస్తే వలంటీరు అనువాదకురాలిగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, వాళ్ళకు టికెట్టు ఖర్చుండదు. దానికి ఎన్3 చాలదని నేనంటే, చాలేదాకా చదువుతానంది. జపాన్ ప్రభుత్వం 1988 నుంచి నడిపిన 'షిప్ ఫర్ వరల్డ్ యూత్' కార్యక్రమం ఒకటుంది. వయసు 18 నుంచి 30 లోపు ఉండాలి, ఖర్చులో పెద్ద భాగం వాళ్ళే పెట్టుకుంటారు, మన దేశం వాళ్ళు పాల్గొన్న సంవత్సరాలూ ఉన్నాయి. సొంత డబ్బు తీసే ముందు ఆ తలుపు కూడా తట్టమన్నాను. తమ్ముడికి ఇదంతా చెబితే, 'వద్దని చెబుతావనుకున్నానక్కా' అన్నాడు. నేను చెల్లదని రాయడానికి ఆ బిల్లులో కారణమేం కనబడలేదు.

మళ్ళీ మా పెన్షనర్ల బృందానికి వస్తాను. లంక ఓడ వద్దన్నాక చీరలు మాట్లాడుకున్నవాళ్ళు నా మీద కొంచెం అలిగారు. మరి ఏం చేద్దాం అని అడిగారు. ఇది న్యాయమైన ప్రశ్నే.

చెన్నై రేవుకు ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది. రాజులా అనే ఓడ 1926 నుంచి దాదాపు అర్ధశతాబ్దం మద్రాసు, నాగపట్నం మీదుగా పెనాంగు, సింగపూర్లకు మనుషులను మోసింది. ఆ తర్వాత చిదంబరం అనే ఓడ అదే దారిలో తిరిగింది, 1985లో అగ్నిప్రమాదంతో ఆ కథ ముగిసింది. మన కోస్తా జనం కాకినాడ, విశాఖ రేవుల్లో ఎక్కి రంగం (బర్మాలోని రంగూన్) పోయి బియ్యం మిల్లుల్లో చెమటోడ్చారు. వాళ్ళెవరూ సంస్కృతి కోసం టికెట్టు కొనలేదు. బర్మా నుంచి వెనక్కి వచ్చినవాళ్ళ కోసం రాజాజీ సాలై పక్కన 1969లో వెలసిన బర్మా బజారు చూడండి. సాయంత్రం బీచ్ స్టేషన్లో దిగి అటు నడిస్తే తోపుడుబళ్ళ మీద అత్తో అనే బర్మా వంటకం దొరుకుతుంది. పసుపు రంగు నూడుల్స్, తరిగిన క్యాబేజీ, చింతపండు నీళ్ళు, వేయించిన ఉల్లి, కారం వేసి చేత్తో కలిపి ఇస్తారు. పక్కనే అరటిదూట వేసిన చారు పోస్తారు. గుడ్డు చీల్చి అందులో వేయించిన ఉల్లీ వెల్లుల్లీ కూరి ఇస్తారు. కలిపే మనిషిని కదిపితే వాళ్ళ తాత రంగూన్‌లో ఏ వీధిలో ఉండేవాడో చెబుతాడు, వెనక లైను కట్టినవాళ్ళు విసుక్కునేదాకా చెబుతాడు. నేను కరపత్రం ధరను భాగించి చూసిన మర్నాడు మావారిని అక్కడికే తీసుకెళ్ళాను.

నిజంగా ఓడే ఎక్కాలంటే అండమాన్ ఓడ ఉంది. చెన్నై నుంచి, కొన్నిసార్లు విశాఖ నుంచి కూడా, పోర్ట్‌బ్లెయిర్‌కు ప్రభుత్వ ఓడలు వెళ్తాయి. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. దాదాపు రెండున్నర రోజుల ప్రయాణం. బంకు తరగతిలో మోత, చెమట, క్యూలో భోజనం, బాత్‌రూమ్ సంగతి అడగొద్దు. కాబట్టి మా వయసుకు క్యాబినే మంచిది. అయితే ఆ ఓడలో కాళ్ళు చాపుకుని కూర్చున్న ప్రతివాడికీ మీతో మాట్లాడటం తప్ప వేరే పని ఉండదు. ఊరికి తిరిగి వెళ్తున్న బెంగాలీ కుటుంబాలు, రాంచీ వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన వాళ్ళ మనవలు, నికోబారు పిల్లలు, పెళ్ళికి ఊరొచ్చి వెళ్తున్న శ్రీకాకుళం మత్స్యకారులు. దీవుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 2011 జనాభా లెక్కల్లోనే నూటికి పదమూడు మంది. జంగ్లీఘాట్‌లో దిగితే మన సిక్కోలు యాసే వినబడుతుంది. వీసా లేదు, టీసీఎస్ లేదు.

లంకే కావాలంటే నాగపట్నం నుంచి కాంకేసన్‌తురైకి 2023 అక్టోబరులో ఫెర్రీ మళ్ళీ మొదలైంది, కొంతకాలం ఆగి 2024 ఆగస్టు నుంచి తిరుగుతోంది. ఎగ్మోరులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి నాగపట్నం. సముద్రం మీద నాలుగు గంటలు. దిగాక మిమ్మల్ని సాయంత్రం అయిదింటికి వెనక్కి పిలిచే ఓడ ఉండదు. జాఫ్నాలో నల్లూరు గుడి, 1981లో తగలబెట్టిన తర్వాత మళ్ళీ కట్టుకున్న గ్రంథాలయం చూసి, రైలెక్కి అనురాధపురం వైపు దిగొచ్చు.

ఆ జిల్లాలోనే తంబుత్తేగమ దగ్గర కుడాగమ అనే ఊరుంది. పాములాడించడం, కోతులనాడించడం, చేతులు చూసి జోస్యం చెప్పడం కులవృత్తిగా బతికిన అహికుంటికులు అక్కడ స్థిరపడ్డారు. వాళ్ళ ఇంటి మాట తెలుగు. బడిలో పిల్లలు చదివేది సింహళం, ఇంట్లో అమ్మను పిలిచేది మన మాటతో. ట్రింకోమలీ రేవు నుంచి ఆ ఊరు మూడు గంటల దారి. అంటే లంక ఓడ ఎక్కిన తెలుగువాళ్ళు కుర్చీల్లో కూర్చుని డోలు నృత్యం వీడియో తీసుకుంటున్న పూట, లంకలో తమతో సొంత భాషలో మాట్లాడగలిగే మనుషులు మూడు గంటల దూరంలో ఉంటారు. కరపత్రంలో ఆ ఊరి పేరు లేదు. మీ వ్యాసంలోనూ లేదు.

ఈ మాట చెప్పాకే మా బృందంలో అలక తీరింది. పెద్దావిడ అయితే వెంటనే సంచి సర్దుకునేలా ఉన్నారు. మోకాళ్ళ వల్ల లంక దాకా రాలేనన్న ఇద్దరి కోసం వేలూరు పెట్టుకున్నాం. క్యాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు మధురై నాయకుల బంధువర్గం వాడు. 1815లో ఇంగ్లీషువాళ్ళు గద్దె దించి, వేలూరు కోటకు తెచ్చి బందీగా ఉంచితే 1832లో అక్కడే పోయాడు. పాలారు ఒడ్డున ఆయన సమాధి మండపం ఉంది. కాట్పాడి దాకా రైలు, అక్కణ్ణుంచి ఆటో.

మీకు నా మనవి ఒకటే. ఇకమీదట ఏ యాత్ర గురించి రాసినా, అది వ్యాసమైనా ప్రకటనలాంటి వ్యాసమైనా, అన్ని చార్జీలూ కలిపిన ధర, ఒంటరి మనిషికి అయ్యే ధర, నేల మీద ఉండే గంటలు, అక్కడ నడిచే భాష, ఈ నాలుగూ ఒక చిన్న పెట్టెలో వేయించండి. మిగతాది పాఠకులు చూసుకుంటారు.

ఫెర్రీ వానాకాలంలో ఆగిపోతుంది కాబట్టి సంక్రాంతి వెళ్ళాక బయల్దేరాలని అనుకుంటున్నాం. మీ పాఠకుల్లో కుడాగమ వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఊళ్ళోకి వెళ్ళే ముందు ఎవరికి కబురు చేయడం మర్యాదో, పిల్లలకు తెలుగు వాచకాలు పట్టుకెళ్తే తీసుకుంటారో లేదో మీ ఉత్తరాల పేజీకే రాయమని కోరుతున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ రైల్వే ఉద్యోగిని,
పెరంబూరు, చెన్నై